పిక్కల మీద తెల్ల గీతలు

సంక్రాంతికి ముందు నెల. పొద్దున్నే ఎండకు కూర్చున్న మాకు పలక అక్కర్లేదు. మోకాళ్ల దాకా నిక్కరు, ఆ కింద పిక్కలు. గోరుతో గీస్తే తెల్లగా అక్షరం పడేది. పేర్లు రాసుకున్నాం, ఎక్కాలు రాసుకున్నాం, ఒకడి పిక్క మీద ఇంకొకడు ‘దొంగ’ అని రాసి పరిగెత్తాడు. ఇంతలో అమ్మమ్మ నూనె గిన్నెతో వచ్చి, “బూడిదలో పొర్లిన గాడిదల్లా ఉన్నార్రా” అంటూ రెండు చేతులా పామేది. అక్షరాలన్నీ ఒక్కసారిగా మాయం. కాళ్లు నిగనిగ.

ఆ మాయం వెనక ఉన్నది వైద్యం కాదు, వెలుతురు. చర్మం పై పొర ఎండినప్పుడు దాని రేకులు అంచుల దగ్గర పైకి లేస్తాయి. రేకుకూ రేకుకూ మధ్య గాలి చేరుతుంది. వెలుతురు గాలిలోంచి రేకులోకి, మళ్లీ రేకులోంచి గాలిలోకి మారినప్పుడల్లా దారి తప్పి నాలుగు వైపులా చెదిరిపోతుంది. అలా చెదిరిన వెలుతురే మన కంటికి తెలుపు. ఉప్పు, పంచదార, సబ్బు నురగ తెల్లగా కనిపించేదీ అందుకే. నూనె ఆ సందుల్లోని గాలిని తోసేసి తాను కూర్చుంటుంది. నూనెలోనూ రేకులోనూ వెలుతురు నడక దాదాపు ఒకటే గనక చెదరడం ఆగిపోతుంది. బజ్జీల నూనె అంటిన కాగితం పారదర్శకంగా మారేదీ ఇలాగే. మన చామనఛాయ మీద ఈ తెలుపు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్లతోలు వాళ్లకు అంతే పొడితనం ఉన్నా కంటికి అంతగా ఆనదు.

అంటే అమ్మమ్మ నూనె ఆ క్షణాన చేసింది పొడితనాన్ని కప్పిపుచ్చడం మాత్రమే.

నూనె రాస్తే చర్మం మెత్తబడుతుందని డాక్టర్లు కూడా చాలాకాలం నమ్మారు. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ పరిశోధకుడు సంగతి తేల్చుకోవడానికి చాలా మామూలు సరుకు తీసుకున్నాడు: కాయ కాసిన అరికాలి చర్మం. ఎండి అప్పడంలా పెళుసెక్కిన ముక్కల్ని కొన్నింటిని నూనెల్లో, కొవ్వుల్లో నానేశాడు. వాటి పెళుసుదనం పోలేదు. నీళ్లు పీల్చుకున్న ముక్కలు మాత్రం మెత్తబడి వంగాయి. పై పొరలో నీరు పది శాతం కంటే తగ్గితే అది పెళుసెక్కుతుందని ఆ పరిశోధన చెప్పింది. చర్మాన్ని మెత్తగా ఉంచేది నీరు, నూనె కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మాయిశ్చరైజర్ సీసా మీది మాటల్లో సగం అర్థమవుతాయి, మిగతా సగానికి అర్థం లేదని తెలుస్తుంది.

మరి నీరే కావాలంటే రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే చాలు కదా? చాలదు. నీళ్లలో చాలాసేపు నానిన చేతులు ఆరాక ముందుకంటే ఎక్కువ బిగుసుకుంటాయి. అంట్లు తోమేవాళ్లను అడగండి, చెబుతారు. ఎందుకో తెలియాలంటే చర్మమనే గోడ కట్టుబడి చూడాలి.

చర్మం పై పొర పేరు స్ట్రాటమ్ కార్నియం. మందం పది నుంచి ఇరవై మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతు. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం చాలా ఎక్కువ. ఉన్నవన్నీ చచ్చిన కణాలే, పదిహేను ఇరవై వరసలు. శాన్‌ఫ్రాన్సిస్కో చర్మవైద్యుడు పీటర్ ఇలయాస్ దీన్ని ఇటుకల గోడగా చూపించాడు. కణాలు ఇటుకలు, వాటి మధ్య కొవ్వు పదార్థం సున్నం. ఆ సున్నంలో బరువుకు సుమారు సగం సెరమైడ్లు, పాతిక శాతం కొలెస్ట్రాల్, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. రక్తపరీక్ష కాగితంలో చూసి హడలిపోయే కొలెస్ట్రాలే ఇక్కడ గోడను నిలబెడుతోంది.

ఎంత మంచి గోడైనా కాస్త చెమరుస్తుంది, మట్టికుండ చెమర్చినట్టు. చెమట పట్టని రోజున కూడా మూడు నాలుగు వందల మిల్లీలీటర్ల నీరు మనకు తెలియకుండానే ఒంటి మీదుగా ఆవిరైపోతుంది. సున్నం రాలిన గోడలోంచి ఇంకా ఎక్కువ పోతుంది. చలికాలపు గాలిలో ఆవిరి తక్కువ గనక అది మన చర్మంలోంచి గుంజుకుంటుంది. విశాఖలో ఉన్నన్నాళ్లూ ఏమీ రాయనక్కర్లేని మనిషి ఆదిలాబాద్ బదిలీ అయ్యాక మొదటి డిసెంబరులోనే పెదాలు పగలగొట్టుకునేది ఇందుకే. చికాగోలో కొడుకు ఇంటికి వెళ్లిన తల్లిదండ్రులకైతే మరీ ఇబ్బంది. బయటి గడ్డకట్టే గాలిలో అసలే ఆవిరి లేదు, దాన్ని హీటరుతో వేడిచేసి ఇంట్లోకి వదిలితే అది దొరికిన తేమనల్లా తాగేస్తుంది.

గోడలో ఇంకో ఏర్పాటు ఉంది, అది ఇటుకల లోపల. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కణంలో తయారై, కణం పై వరసలకు చేరేసరికి ముక్కలు ముక్కలై అమైనో ఆమ్లాలుగా మారుతుంది. వాటికి లాక్టేట్, యూరియా, పీసీఏ అనే మరో పదార్థం తోడై నీటిని పట్టి ఉంచుతాయి. ఈ మొత్తాన్ని సహజ తేమకారకం అంటారు. చిక్కేమిటంటే ఇవన్నీ నీళ్లలో కరిగేవే. అంట్లు తోమే చేతుల సంగతి ఇక్కడ తెలిసింది కదా: అతిగా నానితే నీటిని పట్టుకునే సరుకే కొట్టుకుపోతుంది. పైగా సబ్బు సున్నాన్ని కూడా కొంత కడిగేస్తుంది. 2006లో స్కాట్లాండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో ఇర్విన్ మెక్లీన్ బృందం ఫిలాగ్రిన్ జన్యువులో లోపానికీ, చేపపొలుసుల్లాంటి పొడిచర్మానికీ, ఎగ్జిమాకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. కొన్ని ఇళ్లలో తాత, తండ్రి, మనవడు ముగ్గురికీ ఒంటి నిండా పొలుసులు లేవడానికి ఒక కారణం ఇది. సరిగా ఒళ్లు రుద్దుకోరని వాళ్లను ఆడిపోసుకోకండి.

ఇక సీసాలోని సరుకు. దానికి ప్రయోగశాల అక్కర్లేదు, వంటింట్లో రెండు జాడీలు చాలు. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లుతుంది. ఎవరూ నీళ్లు పోయలేదు, గాలిలోని ఆవిరిని బెల్లమే లాక్కుంది. ఆవకాయ జాడీలో ముక్కల పైన వేలెడు నూనె తేలుతుంది. లోపలిది లోపల, బయటిది బయట. మాయిశ్చరైజర్లలో తేమ పని చూసేవి ఈ రెండు జాతులే. బెల్లం జాతిని హ్యూమెక్టెంట్లంటారు, ఆవకాయ నూనె జాతిని అక్లూజివ్‌లంటారు. ఎమోలియెంట్లని ఇంకో మాట వినిపిస్తుంది. అవి లేచిన రేకుల సందులు పూడ్చి చేతికి నునుపు తగిలేలా చేస్తాయి, అమ్మమ్మ నూనె పిక్కల మీద చేసినట్టు. చాలా నూనెలు ఇటు సందులూ పూడుస్తాయి, అటు కొంత మూతా వేస్తాయి.

బెల్లం జాతికి పెద్ద గ్లిజరిన్. 18వ శతాబ్దం చివర్లో స్వీడన్ రసాయనవేత్త కార్ల్ షీలే ఆలివ్ నూనెను సీసపు భస్మంతో కలిపి కాచినప్పుడు తియ్యటి జిగట ద్రవం బయటపడింది. గ్రీకులో తీపిని చెప్పే మాట నుంచే దానికి ఆ పేరు వచ్చింది. సబ్బు తయారీలో దానంతటదే మిగులుతుంది గనక చవక. చవక గనకే దానికి గౌరవం లేదు, ప్రకటనల్లో దాని పేరు వినపడదు. కానీ మన చర్మంలో సహజంగానే గ్లిజరిన్ ఉంది, దాన్ని కణాల్లోకి చేరవేసే దారి కూడా ఉంది. కణం పొరలో నీటి మార్గాలను కనుగొన్నందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ వచ్చింది. ఆ మార్గాల్లో అక్వాపోరిన్-3 అనేది నీటితో పాటు గ్లిజరిన్‌నూ పోనిస్తుంది. దాని జన్యువు తీసేసిన ఎలుకల చర్మం ఎండిపోయి సాగే గుణం తగ్గింది. వాటికి గ్లిజరిన్ ఇవ్వగానే, రాసినా తాగించినా, చర్మం మళ్లీ దారికొచ్చింది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఇటుకల మధ్య కొవ్వు గడ్డకట్టి బిరుసెక్కకుండా చూసేదీ గ్లిజరినే. సీసాలో ఒక్క పదార్థమే ఉంచుకోమంటే నా ఓటు దీనికే.

అలాగని మందుల షాపులో దొరికే గ్లిజరిన్‌ను చిక్కగా అలాగే పూసుకుంటే ఎదురు తిరుగుతుంది. బెల్లం జాతి గాలిలోంచే లాగాలని రూలేమీ లేదు. బయట తేమ లేకపోతే అది చర్మం లోపలి పొరల్లోంచి లాగుతుంది, అలా పైకొచ్చిన నీరు ఆవిరై పోతుంది. నీళ్లు కలిపి రాసి, దాని మీద ఏదో ఒక మూత వేయాలి. మన ఇళ్లలో గ్లిజరిన్, రోజ్ వాటర్, నిమ్మరసం సమంగా కలిపి సీసాలో పోసుకునే అలవాటు ఉంది. అందులో మొదటి రెండూ సరే, నిమ్మరసం మానేయండి. నిమ్మజాతి రసంలో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. తెలుపు కోసం రాసుకుంటే నలుపు మిగులుతుంది.

ఇదే జాతిలో ఇప్పుడు పెళ్లికొడుకు హోదా హయాలురోనిక్ ఆమ్లానిది. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు ఆవు కంటిలోని జిగురు నుంచి దీన్ని వేరుచేశారు. మన కీళ్లలో, కళ్లలో, చర్మం లోపలి పొరలో ఉంటుంది, మంచి పదార్థమే. కాకపోతే దాని అణువు చాలా పెద్దది. పైన రాస్తే పైనే ఉండి కాసిన్ని నీళ్లు పట్టుకుంటుంది తప్ప లోపలికి దిగి ముడతలు పూడ్చదు. తన బరువుకు వెయ్యి రెట్లు నీరు పడుతుందన్న మాట సేల్స్‌మన్ చెప్పాల్సిన మాట.

యూరియా పేరు చెబితే మనకు ఎరువు బస్తా గుర్తొస్తుంది. అణువు అదే. పైన చెప్పిన సహజ తేమకారకంలో అదొక భాగం. పది శాతం దాకా అయితే నీటిని పట్టుకుంటుంది. ఇరవై, నలభై శాతాలకు వెళ్తే గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడేలా చేస్తుంది. మడమల పగుళ్లకు ఇచ్చే క్రీముల్లో యూరియా ఉండేది ఇందుకే. ఆ ఘాటును ముఖానికి రాయకూడదు. పగుళ్లు నెత్తురు కారేలా ఉంటే మంట పుట్టిస్తుంది, ముందు అవి మానాలి. షుగరు ఉన్నవాళ్లు మడమ పగుళ్లను ఇంట్లో బ్లేడుతో గీక్కోకుండా డాక్టరుకు చూపించాలి. ఇది మాత్రం అశ్రద్ధ చేయదగ్గది కాదు.

మూతల్లో రాజు మాత్రం పెట్రోలియం జెల్లీ, మన నోట్లో వాజిలైన్. 1859లో అమెరికాలోని టైటస్‌విల్‌లో చమురు బావులు తవ్వుతున్నప్పుడు పంపు కడ్డీలకు మైనంలాంటి మడ్డి పట్టేది. పనివాళ్లకు అదో తలనొప్పి, కానీ తెగినచోట, కాలినచోట అదే పూసుకునేవారు. రాబర్ట్ చీస్‌బ్రో అనే కుర్ర రసాయనవేత్త అది చూసి, మడ్డిని శుద్ధిచేసే పద్ధతి కనిపెట్టి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. దాని మీద ఆయనకెంత నమ్మకమంటే రోజూ చెంచాడు తినేవాడని చెబుతారు. 1933లో పోయాడు, 96 ఏళ్లకు. తినమని మాత్రం నేను చెప్పడం లేదు.

చర్మం మీదుగా ఆవిరయ్యే నీటిని ఈ జెల్లీ 98 శాతం దాకా ఆపగలదు. మినరల్ ఆయిల్, లానొలిన్, సిలికోన్ల వంటివి ఇరవై ముప్ఫై శాతం ఆపితే గొప్ప. గొర్రె ఉన్ని జిడ్డు నుంచి తీసే లానొలిన్ కొందరికి పడదు కూడా. పెట్రోలు నుంచి వచ్చింది గనక విషమనే భయం ఈమధ్య వాట్సాప్‌లో తిరుగుతోంది. ముడిసరుకులో అపాయకరమైనవి ఉంటాయి, నిజమే. ఒంటికి రాసుకునే రకంలోంచి వాటిని తీసేస్తారు. దానికి వాసన లేదు, అలర్జీ చాలా అరుదు. ఇది గోడ మీద కూర్చుని ఊరుకోదు, ఇటుకల సందుల్లోకీ దిగుతుందని, కింద జరిగే మరమ్మతుకు అడ్డు రాదని 1992లో ఇలయాస్ బృందమే చూపింది. దాని తప్పు జిడ్డు. మన మే నెలలో అది పూసుకుని ఎవరూ బతకలేరు. ఇంకో జాగ్రత్త: జెల్లీ గానీ క్రీము గానీ గుడ్డకు, దుప్పటికి పట్టి ఆరితే ఆ గుడ్డ త్వరగా అంటుకుంటుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో ఈ విషయంలో గట్టిగా హెచ్చరించింది. స్టవ్ దగ్గర, దీపం దగ్గర కొంగు చూసుకోండి.

అయితే అమ్మమ్మ గిన్నెలోని నూనె సంగతేమిటి? నూనెలన్నీ ఒకటి కావు. ఫిలిప్పీన్స్‌లో 2004లో పొడిచర్మం ఉన్నవారికి కొబ్బరినూనె, మినరల్ ఆయిల్ రాసి చూస్తే రెండూ సమానంగా పనిచేశాయి. ఉత్తరాదిన పసిపిల్లలకు మర్దనా చేసే ఆవనూనె మాత్రం ఎలుకల మీద ప్రయోగాల్లో గోడను పాడుచేసింది. ఖరీదైన ఆలివ్ నూనె కూడా అంతే. అందులో ఎక్కువగా ఉండే ఓలిక్ ఆమ్లం సున్నాన్ని వదులు చేస్తుంది. 2013లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పెద్దవాళ్ల చర్మం మీద పరీక్షిస్తే ఆలివ్ నూనె చెరుపు చేసింది, పొద్దుతిరుగుడు నూనె చేయలేదు. పొద్దుతిరుగుడులో ఉండే లినోలిక్ ఆమ్లం సెరమైడ్ల తయారీకి చర్మం స్వయంగా వాడుకునే సరుకు. నువ్వులనూనెలో ఈ రెండు ఆమ్లాలూ ఇంచుమించు సమానం. ఢాకాలోని పిల్లల ఆసుపత్రిలో నెలలు నిండని శిశువుల మీద జరిగిన పరిశీలన నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. వాళ్ల గోడ ఇంకా కట్టుబడి పూర్తికాలేదు, సూక్ష్మజీవులు అందులోంచే లోపలికి పోతాయి. రోజూ పొద్దుతిరుగుడు నూనె రాసిన పిల్లల్లో మరణాలు 26 శాతం, పెట్రోలియం జెల్లీతో చేసిన ఆయింట్‌మెంట్ రాసినవారిలో 32 శాతం తగ్గాయని 2008లో ప్రకటించారు. చర్మానికి నూనె రాయడం సింగారమని అనుకునేవాళ్లు ఈ అంకెలు చూడాలి.

సున్నమే కలిపి అమ్మితే? అదే సెరమైడ్ క్రీముల ఆలోచన. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇలయాస్ బృందం దెబ్బతిన్న చర్మం మీద మూడు కొవ్వుల్నీ తగిన పాళ్లలో కలిపి రాస్తే గోడ త్వరగా కోలుకుంది. మూడింటిలో ఒకటో రెండో మాత్రమే రాస్తే కోలుకోవడం ఆలస్యమైంది. సున్నం లేకుండా ఇసుకొక్కటే వేసి పూస్తే ఏమవుతుందో మేస్త్రీలకు తెలుసు. డబ్బా మీద ‘సెరమైడ్’ అని పెద్దక్షరాలు ఉంటే చాలదు, పక్కన కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కూడా ఉన్నాయో లేదో చూడాలి. ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఇలాంటివి ఖర్చుకు తగినవే. గోడ బాగున్నవారికి అంత పెట్టనక్కర్లేదు.

నూనెకూ నీటికీ పొత్తు కుదర్చడం పాత సమస్య. రెండో శతాబ్దంలో రోమ్ వైద్యుడు గేలెన్ తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీరు కలిపి గిలక్కొట్టించాడని చెబుతారు. అందులోని నీరు ఆవిరవుతూ చల్లదనం ఇచ్చేది, కోల్డ్ క్రీమ్ పేరు అలా వచ్చింది. కానీ నాలుగు రోజులకే నీరు నీరుగా, నూనె నూనెగా విడిపోయేది. జర్మనీలో ఉన్ని జిడ్డు నుంచి ఆ రెంటినీ కలిపి ఉంచే ఒక మంచి ఎమల్సిఫయర్ దొరికాక, 1911లో విడిపోని క్రీము అంగళ్లలోకి వచ్చింది. లాటిన్‌లో మంచును చెప్పే మాట మీద దానికి నివియా అని పేరు పెట్టారు. ఆ క్రీము తెలుపు కూడా చెదిరిన వెలుతురే, పిక్క మీద గీతకు చుట్టమే. నీటిలో నూనె బిందువులు ఎక్కువైతే క్రీము, నీరు ఎక్కువైతే లోషన్. పంపుతో నొక్కే లోషన్‌లో చాలావరకు నీరే ఉంటుంది, అది పావుగంటలో ఎగిరిపోతుంది. మిగిలేది అందులో ఏం కలిపారన్నదే. మన పెద్దలు ‘స్నో, పౌడరు’ అనేవారే, ఆ స్నోలో ముఖ్యంగా ఉండేది స్టియరిక్ ఆమ్లం. పౌడరు అంటుకోవడానికి అది పనికొచ్చింది గానీ పొడిచర్మానికి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

ఏది రాశారన్నదానికంటే ఎప్పుడు రాశారన్నది ముఖ్యం. స్నానం చేసి మెత్తగా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉన్న రెండు మూడు నిమిషాల్లో రాయాలి. జాడీలో తడి ఉన్నప్పుడే మూత పెట్టాలి, ఎండిన జాడీకి మూత దేనికి? నీళ్లు గోరువెచ్చగా చాలు, సలసల కాగే నీళ్లు సున్నాన్ని కరిగిస్తాయి. మామూలు సబ్బు పీహెచ్ తొమ్మిది పది, చర్మం సుమారు అయిదు, అందుకే సబ్బు మితంగా చాలు. పండగపూట నూనె అంటి నలుగు పెట్టే మన పద్ధతి చలికాలానికి బాగా కుదురుతుంది. పిండి జిడ్డును కొంత తీస్తుంది, కొంత వదులుతుంది. మరీ గరుకు పిండి పెట్టి తోలు లేచేలా రుద్దితే మాత్రం గోడ మనమే కూల్చినట్టు.

చివరగా సీసా వెనకవైపు. మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఏ వరసలోనైనా రాయవచ్చు. ఇక్కడ నేను వాడే చిన్న కిటుకు ఒకటుంది. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ మందు చాలా సీసాల్లో కనిపిస్తుంది. దాన్ని ఒక శాతానికి మించి వాడనివ్వరు. కాబట్టి జాబితాలో దాని తరవాత వచ్చినవన్నీ ఒక శాతం లోపువే. ముందువైపు కుంకుమపువ్వు బొమ్మ వేసి, వెనకవైపు కుంకుమపువ్వును ఫినాక్సీఇథనాల్ కింద రాస్తే ఆ బొమ్మకు ఎంత డబ్బు ఇస్తున్నారో మీరే లెక్కవేసుకోండి. నీరు, ఆ వెంటనే గ్లిజరిన్, తరవాత పెట్రోలాటమ్ (పెట్రోలియం జెల్లీయే) గానీ ఏదైనా మంచి నూనె గానీ ఉండి, పరిమళం ఏమీ లేని సీసా దొరికితే దాని ధర ఎంత తక్కువైనా అనుమానించకుండా తెచ్చుకోండి. ఫాల్గుణం వచ్చేదాకా అది చాలు.